మా వీధి సంఘం వార్షిక నివేదిక, 2024-25 (విజయనగరం)

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కాలువల్లో పూడిక రెండుసార్లు తీయించాం. సిరిమానోత్సవం రోజు పెట్టిన చలివేంద్రంలో మజ్జిగ మధ్యాహ్నానికే అయిపోయింది, ఈసారి ఇంకో డ్రమ్ము పెట్టాలి. లెక్కల పుస్తకం కోశాధికారి గారింట్లో ఉంది, ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు. మిగతా ఏడాదంతా ఒక్క అర్జీ చుట్టూనే తిరిగాం కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

జూట్ మిల్లు మూతపడ్డాక మన వీధి కుర్రాళ్లు విశాఖకో, హైదరాబాద్‌కో పోయారు. ఇక్కడికి ఫ్యాక్టరీలు రావాలంటే పన్ను రాయితీ ఇవ్వాలని జూన్ మీటింగులో తీర్మానించాం. అర్జీ నేనే రాశాను. సంతకాలు పెట్టించబోతుంటే, ఆడిటర్ ఆఫీసులో పనిచేసే మన సభ్యుడొకాయన "ఆ రాయితీ ఇచ్చారు కదండీ, గడువు కూడా అయిపోయింది" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన చెప్పింది నిజమే. 2014 విభజన చట్టం 94వ సెక్షన్‌లో పన్ను ప్రోత్సాహకాల మాట ఉంది. ఆ తర్వాత ఆదాయపు పన్ను చట్టంలో 32ఏడీ అనే సెక్షన్ చేర్చారు. 2015 ఏప్రిల్ 1 నుంచి 2020 మార్చి 31 లోపు వెనకబడిన జిల్లాల్లో కొత్తగా ఫ్యాక్టరీ పెట్టినవాళ్లు, యంత్రాలు ఏటా అరిగినందుకు ఇచ్చే తరుగుదల మినహాయింపు కాక, కొత్త యంత్రాల ఖరీదులో 15 శాతాన్ని అదనంగా ఆదాయంలోంచి మినహాయించుకునే వీలుండేది. కోటి రూపాయల యంత్రం కొంటే మినహాయింపు 15 లక్షలు. 30 శాతం పన్ను కట్టేవాళ్లకి నికరంగా మిగిలేది నాలుగున్నర లక్షలు.

మన రాష్ట్రంలో ఆ జాబితాలో పాత జిల్లాల లెక్కన ఏడు ఉన్నాయి: రాయలసీమవి నాలుగు, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం. అవును, విశాఖపట్నం కూడా! పోర్టు ఉన్న ఊళ్లోనే అదే రాయితీ దొరుకుతుంటే మన దాకా ఎవరొస్తారు? పైగా 2019లో కేంద్రం ఇంకో మెలిక పెట్టింది. ఆ అక్టోబరు 1 నుంచి పెట్టి, 2024 మార్చి 31 లోపు తయారీ మొదలుపెట్టిన కొత్త కంపెనీలు దేశంలో ఎక్కడున్నా సరే, 32ఏడీ లాంటివి వదులుకుంటే 15 శాతం పన్నే కట్టొచ్చని చెప్పింది. దాంతో మనకి ఉన్న ఆ కాస్త ప్రత్యేకతా పోయింది.

రాయితీలు ఎక్కడా పనిచేయవని నేను అనను. 2003 ప్యాకేజీతో హిమాచల్‌లోని బద్దీకి మందుల కంపెనీలు బారులు తీరాయి. కానీ అక్కడ పదేళ్లపాటు ఎక్సైజ్ సుంకమే లేదు, చండీగఢ్ కూడా పక్కనే. మన వైపు పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలు 32ఏడీ రాకముందు నుంచే ఉన్నాయి. హైవే పక్కనే ఉంది, విశాఖ దగ్గర.

ఆగస్టులో మూడో లైన్‌లో గోనె సంచులు కుట్టే మన అక్క ఇంటికి వెళ్లాం. మూడు కుట్టు మిషన్లు, మూడూ సెకండ్ హ్యాండ్‌వే. వాడిన యంత్రాలకి ఆ సెక్షన్ వర్తించేది కాదు. అసలు ఆవిడ ఆదాయం పన్ను కట్టేంత ఉంటే కదా! మేం కూర్చుని ఉండగానే కరెంటు వోల్టేజీ పడిపోయింది, మిషన్ మూలిగి ఆగింది. ఆవిడ కత్తెర కింద పెట్టి, "రోజూ సాయంత్రం ఇదే వరస, బాబూ. టైముకి సరుకు ఇవ్వలేకే ఆర్డర్ పోయింది" అంది.

ఆ రాత్రి పాత అర్జీ చింపేశాను. ఇది కొందరు సభ్యులకి నచ్చలేదు. రాయితీ అడిగితే పోయేదేముందని ఇద్దరు నాతో గట్టిగానే వాదించారు, కమిటీని అడక్కుండా చింపడం తప్పేనని ఒప్పుకున్నాను. సెప్టెంబరు మీటింగులో ఓటింగు పెట్టి, మన లైన్‌కి కొత్త ట్రాన్స్‌ఫార్మరు, కుట్టుపని చేసేవాళ్లందరికీ కలిపి ఒక షెడ్డు కావాలని రెండో అర్జీ ఇచ్చాం. ట్రాన్స్‌ఫార్మరు కోసం జనవరిలో కొలతలు తీసుకుని వెళ్లారు, ఇంకా స్తంభం పాతలేదు. షెడ్డు స్థలం గురించి జవాబు రాలేదు. వచ్చే ఆదివారం మళ్లీ కలుస్తున్నాం. కరెంటు బిల్లులు ఉన్నవాళ్లు గత ఆరు నెలలవి తీసుకురండి.

కార్యదర్శి