పేదోళ్ల పని కూడా చూపియ్యండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఎండాకాలం మా ఊరి ఉపాధి హామీ పథకం పని కాడికి ఒక యూట్యూబ్ ఛానల్ ఆయన వచ్చి, యాపచెట్టు కింద కూసొని అంబలి తాగుతున్న ఆడోళ్లను వీడియో తీసి, పని లేకుంటనే పైసలు తీసుకుంటున్నరని పెట్టిండు, అది వాట్సాప్ గ్రూపులన్నిట్ల తిరిగింది, తర్వాత ఒక పేపర్ జిల్లా పేజీల కూడా అదే వార్త. మా చిన్నమ్మ అండ్ల ఉంది. పొద్దుగాల ఆరింటికే పోయి రాళ్ల నేలల గడ్డపారతోని తవ్వి, తట్టలు మోసి, ఎండ ముదిరినంక కూసున్నరు. ఎనక తవ్విన కందకం వీడియోల ఎక్కడ లేదు.

ఊకె కూసుంటే ఉపాధి కూలి పడదు సార్. పొడుగు, వెడల్పు, లోతు టేపు పెట్టి కొలిచి రాస్తరు, దాన్ని బట్టే పైసలు. 2025–26ల రేటు రోజుకు 307 రూపాయలు, నేల గట్టిగుంటే కొలతలు తగ్గి అది కూడా పూర్తిగ రాదు, వచ్చేదానికి వారాలు ఎదురుచూడాలె. ఈ ఒక్క ముచ్చట ఆ వార్తల రాసుంటే చదివినోళ్లకు అసలు సంగతి తెలిసేది. రాయలే. కిరాణా షాపుల చిన్నమ్మ మొఖం మీదనే "మా ట్యాక్సులతోని మీకు ఫ్రీగ పైసలు" అన్నరు, ఆమె కొనే సబ్బు మీద ఆమె కూడా జీఎస్టీ కడుతనే ఉంది కదా.

2006ల ఉపాధి హామీ మొదలైతే మొదటి విడతలనే మన మహబూబ్‌నగర్, నల్గొండ రెండు ఉన్నయి, అంత వెనకబడ్డ జిల్లాలు. కూలీలను తీసుకపోయే మేస్త్రీ కాడ అడ్వాన్స్ తీసుకొని బొంబాయి, పూణె పోయేటోళ్లు, డ్యాములకు మట్టి మోసిన పాలమూరు లేబర్, వీళ్ల ఫోటో పేపర్ల ఎప్పుడొస్తది? కరువొస్తే మూటలతోని బస్టాండ్ల, లేకుంటే ప్రమాదమైతే. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట కాడ శ్రీశైలం ఎడమ గట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం కూలి 8 మంది చిక్కుకుంటే టీవీలన్నీ అక్కడనే ఉన్నయి, అండ్ల నలుగురు జార్ఖండ్ కూలీలు, వాళ్ల కూలి ఎంత, ఎన్ని గంటల డ్యూటీ, ఎవరు తీసుకొచ్చిన్రు అన్నది మాత్రం నేను చూసిన చర్చలల్ల రాలేదు. ఏడుస్తున్న ఇంటోళ్ల ముందట మైకు పెట్టుడు మాత్రం చూసిన.

మండల రిపోర్టర్ల మీద నాకు కోపం లేదు. చానామందికి సరైన జీతమే ఉండదు, యాడ్స్ తెచ్చుడు కూడా వాళ్ల మీదనే, ఇగ కందకం దాక పోయి నాలుగు గంటలు ఎవరుంటరు. అందుకే మిమ్మల్ని అడుగుతున్న. పేదోళ్ల ఫోటో వేసే ముందు వాళ్లను అడగండి, పేరు రాయండి, వాళ్ల మాట కూడా రాయండి. ఏ మండలంల ఉపాధి కూలి ఎన్ని వారాల సంది ఆగిందో ఆన్‌లైన్‌లనే దొరుకుతది, వారానికి ఒకసారి జిల్లా పేజీల వేయండి.

- ఒక పాఠకుడు, కోస్గి, నారాయణపేట జిల్లా