అంగన్‌వాడీ తల్లులకు: ఈ వారం వాన పాఠం

అక్కలకు, వదినలకు నమస్కారం.

నిన్న వాన వెలిసినాక మన సెంటర్ ముందర బండల మీద నీళ్లు నిలిచినాయి. పిల్లోళ్లతో ఆ నీళ్ల అంచున సుద్దముక్కతో గీత గీయించినా. గంట తర్వాత పోయి చూస్తే నీళ్లు గీత వదిలి లోపలికి జరిగినాయి. "ఎవురు తాగినారు టీచర్?" అని అడిగింది ఒక పాప. నేను చెప్పలేదు. నీడలో ఉన్న ఇంకో మడుగు చూపించినా. అది అంతగా తగ్గలేదు. రెండింటినీ మార్చి మార్చి చూసి "ఎండ తాగింది" అని వాళ్లే తేల్చినారు. నాకు ఎంత సంతోషమైందో!

ఇంట్లోనూ ఇట్లే చేయండి. జవాబు ముందే చెప్పొద్దు, "ఎందుకు?" అని అడిగి కాసేపు ఆగండి. రెండు టెంకాయ చిప్పల్లో మన ఎర్రమన్ను పోసి శెనక్కాయ విత్తనాలు పెట్టి, ఒకదానికే నీళ్లు పోయించండి. వారం లోపలే తేడా కనబడుతుంది. ఉరిమితే మాత్రం "దేవునికి కోపమొచ్చింది" అనొద్దండి, బిడ్డకు భయమే మిగులుతుంది.

పెద్ద పిల్లోళ్లు మన అనంతపురానికి వాన ఎందుకు తక్కువని అడిగితే ఇట్లా చెప్పండి: నైరుతి మేఘాలు పడమటి కనుమలకు తగిలి ఆ పక్కనే ఎక్కువ కురుస్తాయి, మనం కొండల వెనక ఉన్నాం. తూర్పు సముద్రమూ దూరమే. అందుకే ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే.

వచ్చే శనివారం ఆ చిప్పలు రెండూ పిల్లోళ్ల చేతికిచ్చి పంపండి.