షార్ట్‌కట్‌ల పెట్టె కొనేముందు చేతిని అడగాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకునే యువత కోసం మీ ఆదివారం సంచికలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. మైకుల గురించి, ఆడియో ఇంటర్‌ఫేసుల గురించి, గోడలకు అంటించే ఫోమ్ గురించి అందులో చెప్పిన మాటలతో నాకు పేచీ లేదు. అయితే రికార్డింగ్ సాఫ్ట్‌వేరులోని కీబోర్డు షార్ట్‌కట్‌ల కోసం విడిగా ఒక కంట్రోలరు కొనుక్కోవాలని, దానికి ఎన్ని ఎక్కువ కీలుంటే అంత మంచిదని చివర్లో రాసిన వాక్యం దగ్గర ఆగిపోయాను. పెదవాల్తేరులో ఒక చిన్న గదిలో పదహారేళ్లుగా ఈ పనే చేస్తూ, అలాంటి పెట్టెలు మూడు కొని రెండింటిని అటకెక్కించినవాణ్ణి కనుక, ఆ ఒక్క వాక్యం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

అసలు పేరులోనే తికమక ఉంది. మొదటిసారి డాబాగార్డెన్స్‌లో ఒక దుకాణానికి వెళ్లి కీబోర్డు కంట్రోలరు కావాలని అడిగితే, తెలుపు నలుపు మెట్లున్న 25 కీల మిడి కీబోర్డు (మిడి అంటే సంగీత పరికరాలు, కంప్యూటరు మాట్లాడుకునే భాష) తెచ్చి బల్ల మీద పెట్టారు. వారిని తప్పుపట్టలేను, సంగీతం వాళ్ల వాడుకలో ఆ మాటకు అర్థం అదే. నాకు కావలసింది వాయించేది కాదు. రికార్డు మొదలుపెట్టు, ఆపు, వెనక్కి వెళ్లు, ఇక్కడ కోయి అని సాఫ్ట్‌వేరుకు చెప్పేది.

అలా చెప్పే పెట్టెలు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకం తానూ ఒక టైపింగ్ కీబోర్డునేనని కంప్యూటరును నమ్మిస్తుంది; దాని మీద ఒక బొత్తాం నొక్కితే మనం చేత్తో కంట్రోల్, ఆర్ కలిపి నొక్కినట్టే లెక్క. ఎల్గాటో స్ట్రీమ్ డెక్, కాంటూర్ షటిల్‌ప్రో, చిన్న చిన్న మ్యాక్రో ప్యాడ్‌లు ఎక్కువగా ఈ తోవలో నడుస్తాయి. ప్రీసోనస్ ఫేడర్‌పోర్ట్, బెరింజర్ ఎక్స్‌టచ్ వన్ వంటి రెండో రకం పరికరాలు మాత్రం మ్యాకీ కంట్రోల్ అనే పద్ధతిలో, మిడి సందేశాలుగా, నేరుగా సాఫ్ట్‌వేరుతోనే మాట్లాడతాయి. కొనేవారికి మొట్టమొదట తెలియవలసిన ఈ తేడా వ్యాసంలో లేదు. మొదటి రకం పంపే కీ, ఆ క్షణాన తెర మీద ఏ విండో ముందుంటే దానికే చేరుతుంది. ట్రాకుకు పేరు టైపు చేస్తూ సగంలో ఆపి వచ్చి, ముక్క కోయడానికి ఎస్ నొక్కితే, ఆ ఎస్ పోయి పేరు చివర కూర్చుంటుంది. రెండో రకానికి ఆ బెడద లేదు గానీ దానికీ ఒక షరతు ఉంది: ప్రో టూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేరుకు మ్యాకీ కంట్రోల్ రాదు, హెచ్‌యూఐ, యూకాన్ వంటి వేరే పద్ధతులే తెలుసు. కాబట్టి తాము వాడే సాఫ్ట్‌వేరుకు ఏ పద్ధతి వచ్చో చూసుకోకుండా పెట్టె అట్ట మీది బొమ్మను నమ్మి కొనకూడదు.

తెలుగులో పనిచేసేవారికి ఇంకో చిక్కు కూడా ఉంది. పాట సాహిత్యాన్ని అదే కంప్యూటరులో తెలుగులో టైపు చేసుకుని, భాష మార్చడం మరచిపోయి రికార్డింగుకు కూర్చుంటే, ఒంటి అక్షరాల షార్ట్‌కట్‌లను ఆ తెలుగు టైపింగ్ మింగేసిన సందర్భాలు మా గదిలో చాలా ఉన్నాయి. అందుకే నేను వాడే రికార్డింగ్ సాఫ్ట్‌వేరు రీపర్‌లో కీబోర్డు రకం పెట్టెకు అక్షరాల బదులు ఎఫ్13 నుంచి ఎఫ్24 దాకా ఉన్న కీలను కేటాయించాను. మామూలు కీబోర్డుల మీద ఈ పన్నెండు కీలు కనిపించవు గానీ కంప్యూటరు వాటిని గుర్తిస్తుంది, టైపింగులో వాటితో ఎవరికీ పని పడదు.

ఇక ఎన్ని కీలు కావాలన్న ప్రశ్న. స్ట్రీమ్ డెక్‌లోనే 6 కీలది ఉంది, 15 కీలది ఉంది, 32 కీలది ఉంది. వ్యాసకర్త లెక్క ప్రకారం మూడోదే మేలు కావాలి. నేను ఒక వారం పాటు పక్కన కాగితం పెట్టుకుని, ఏ షార్ట్‌కట్ వాడినా ఒక గీత గీస్తూ వచ్చాను. వారం తిరిగేసరికి పదకొండు షార్ట్‌కట్‌ల పక్కనే గీతలు గుంపులు కట్టాయి, మిగిలినవాటికి ఒకటీ అరా. ఆ పదకొండింటిలోనూ పాడేవారు ఎదురుగా ఉన్నప్పుడు వాడేవి ఐదు. నా ఉద్దేశంలో పెట్టె కొనవలసింది ఆ ఐదింటి కోసమే, ఎందుకంటే ఆ సమయంలో కన్ను తెర మీద గానీ బొత్తాల మీద గానీ ఉండకూడదు, పాడే మనిషి మీద ఉండాలి.

ఇది నాకు తెలిసివచ్చిన రోజు గురించి చెప్పాలి. విజయనగరం వైపు నుంచి జముకు అనే వాద్యంతో జముకుల కథ చెప్పే ఒక పెద్దాయన తన వంతపాటవాళ్లతో వచ్చారు. మాది ఒకటే గది; కంప్యూటరు, మైకులు, మనుషులు అందరం ఒకే చోట ఉంటాం. నా దగ్గర అప్పుడున్నది గట్టి స్విచ్చులతో టకటకలాడే పదహారు కీల ప్యాడ్. కథలో మలుపు వచ్చినప్పుడల్లా గుర్తు పెట్టడానికి నేను మార్కరు కీ నొక్కడం, ఆయన తల తిప్పి చూడడం. నాలుగోసారికి కథ ఆపేసి, "ఏటి బాబూ ఆ టకటక, మా జముకు కంటే అదే ముందు ఎల్లిపోతంది" అన్నారు. రికార్డయినదాన్ని పెట్టి విన్నాను, నిజమే, ప్రతి మలుపులోనూ నా వేలు వినబడుతోంది.

అంతటితో అయిపోలేదు. మధ్యాహ్నం రెండో భాగం మొదలైనప్పుడు రికార్డు కీ నొక్కి, ఆయన ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను. పన్నెండు నిమిషాల తరవాత తెర చూస్తే ట్రాకు ఖాళీగా ఉంది. ఆ స్విచ్చు ఒక్కసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు నమోదైంది. మొదటి దానికి రికార్డు మొదలై, రెండో దానికి ఆగిపోయింది. లోపలి లోహపు రేకులు పాడైనప్పుడు ఇలా జరుగుతుంది, సముద్రానికి ఇంత దగ్గరలో, కిటికీ తీస్తే ఉప్పుగాలి వచ్చే ఇళ్లలో అవి త్వరగానే పాడవుతాయి. క్యూఎంకే అనే ఫర్మ్‌వేరుతో (ప్యాడ్ లోపలే ఉండే సాఫ్ట్‌వేరు) నడిచే ప్యాడ్‌లలో ఒక నొక్కుడుకూ ఇంకో నొక్కుడుకూ మధ్య ఎంత సమయాన్ని లెక్కలోకి తీసుకోకూడదో మనమే పెంచుకోవచ్చు. మామూలుగా అది 5 మిల్లీసెకన్లు ఉంటుంది. ఆ సంగతి నాకు ఆ తరవాత తెలిసింది. పెద్దాయన మళ్లీ మొదటినుంచి చెప్పారు, గొంతు మాత్రం ఉదయం ఉన్నట్టు లేదు.

ఆ తరవాత నేను కొన్నది ల్యాప్‌టాప్‌కు తగిలించే మామూలు రబ్బరు నంబరు ప్యాడ్, కొన్ని వందల రూపాయలది. నవ్వొస్తుందేమో గానీ, ప్రో టూల్స్, క్యూబేస్ అనే మరో రికార్డింగ్ సాఫ్ట్‌వేరు, ఈ రెండింటిలోనూ ముఖ్యమైన షార్ట్‌కట్‌లు ముందునుంచీ నంబరు ప్యాడ్ మీదే ఉన్నాయి. ప్రో టూల్స్‌లో నంబరు ప్యాడ్‌ను ట్రాన్స్‌పోర్ట్ పద్ధతిలో పెడితే 3 నొక్కగానే రికార్డు, 0 నొక్కితే ప్లే లేదా ఆపు. ఎంటర్ నొక్కితే ఆ చోట మార్కరు పడుతుంది. క్యూబేస్‌లో నక్షత్రం గుర్తు రికార్డుకు, 0 ఆపడానికి, చుక్క మొదటికి వెళ్లడానికి. చిన్న ల్యాప్‌టాప్‌లలో ఈ ప్యాడ్ లేకపోవడం వల్లనే చాలామంది కుర్రవాళ్లకు షార్ట్‌కట్‌లు కష్టమనిపిస్తున్నాయి, పెట్టె లేకపోవడం వల్ల కాదు. 5 అంకె మీద ఉండే చిన్న బొడిపె చీకట్లోనైనా వేలికి దొరుకుతుంది.

స్ట్రీమ్ డెక్ లాంటి పెట్టెల్లో బొమ్మలు వెలిగే ఎల్‌సీడీ కీలకు లేనిది ఆ బొడిపే. ఎడిటింగ్ వేళ ఎవరూ ఎదురుగా లేనప్పుడు ఆ బొమ్మలు చక్కగా పనికొస్తాయి, కాదనను. కానీ కీలన్నీ ఒకే నునుపు, ఒకే కొలత కావడంతో చూడకుండా నొక్కడం కష్టం. మా గదికి వచ్చే ఒక కుర్రవాడికి చూపు లేదు. తెర మీది మాటలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడరుతో, రీపర్‌కు ఓసారా అనే ఉచిత పొడిగింపును జతచేసి, నాకంటే వేగంగా ఎడిట్ చేస్తాడు. బొమ్మల పెట్టెను చేతికిస్తే ఒకసారి అటూ ఇటూ తడిమి, "అన్నా, ఇది అద్దంలా ఉంది" అని పక్కన పెట్టేశాడు. షటిల్‌ప్రో ఇచ్చినప్పుడు మాత్రం వదల్లేదు. దానికి 15 బొత్తాలున్నా ఆకారాలు, చోట్లు వేరువేరు. మధ్యలో తిరిగే చక్రం, దాని చుట్టూ వదిలితే తన చోటికి తానే వచ్చే రింగు ఉన్నాయి. పాడినదాంట్లో ఒక్క అక్షరాన్ని వెతికి పట్టుకోవడానికి ఆ చక్రమే సరైన సాధనమని నేనూ ఒప్పుకుంటాను.

చివరగా ఒక జాగ్రత్త. నాలుగైదు ఆజ్ఞలను ఒక వరసలో చేసే మ్యాక్రోలను పెట్టె తాలూకు సాఫ్ట్‌వేరులో రాసుకోకూడదు. నేను అలా రాసుకున్న ఒక కంపెనీ పెట్టె, పేరు అనవసరం, ఒక అప్‌డేట్ తరవాత నా అమరిక అంతా తుడిచేసి కొత్తదానిలా మెరుస్తూ కూర్చుంది, అదీ ఉదయం ఎనిమిదికి గాయని వచ్చి వేచి ఉన్నప్పుడు. రీపర్‌లో కస్టమ్ యాక్షన్లు, క్యూబేస్‌లో కీ కమాండ్ల మ్యాక్రోలు ఉన్నాయి. వరసను అక్కడ రాసి, పెట్టె మీది కీకి దాన్ని పిలిచే పని మాత్రమే అప్పగించాలి. అప్పుడు పెట్టె చచ్చినా పని ఆగదు, మామూలు కీబోర్డుతోనే నడుస్తుంది. ఆ అమరికను రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ఫైలుగా బయటికి తీసి పెన్‌డ్రైవులో దాచుకోవచ్చు.

మీ వ్యాసకర్త ఈ విషయం మీద మళ్లీ రాస్తే, కీల సంఖ్యకు ముందు వారం రోజుల గీతల కాగితాన్ని, ధరల పట్టికలో మొదటి వరసలో నంబరు ప్యాడ్‌ను చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రికార్డింగ్ ఇంజనీరు,
పెదవాల్తేరు, విశాఖపట్నం