కరెంటు పెట్టించుకుంటున్న రోజుల్లో అమ్మకు

లెస్టర్, ఇంగ్లండు,
డిసెంబరు

పూజ్యురాలైన అమ్మకు,

నీ చిన్న కూతురు నమస్కరించి రాయునది. నిన్న ఫోనులో నువ్వు ఏడుస్తుంటే ఏదీ సరిగా చెప్పలేకపోయాను కనుక, నా క్యాన్సరు గడ్డకు పెడుతున్న కరెంటు, అంటే రేడియేషన్ చికిత్స, గురించి నువ్వు అడిగినవన్నీ తీరికగా రాస్తున్నాను. ఉత్తరమైతే నాన్నగారూ అక్కా కూడా చదువుతారు. ఆఫీసులో సెలవు ఇచ్చారు, జీతం వస్తోంది, ఆ బెంగ పెట్టుకోవద్దు.

ముందుగా పాప సంగతి. కరెంటు పెట్టించుకుని వచ్చిన ఒంటితో దాన్ని పక్కన పడుకోబెట్టుకోవద్దన్నావు. నాకు పెట్టేది బయటి యంత్రం నుంచి వచ్చే ఎక్స్‌రే కిరణాలే. యంత్రం ఆపగానే అవి ఆగిపోతాయి, ఒంట్లో ఏమీ మిగలదు, నన్ను తాకిన వారికి ఏమీ సోకదు. ఆ మాట ఇంకెప్పుడూ అనకమ్మా. రాత్రిళ్ళు దాని చెయ్యి నా మీద లేకపోతే నాకు నిద్ర పట్టదు.

చిన్న మామయ్యకు గొంతు దగ్గర కోబాల్టు, అంటే పాత రకం యంత్రంతో కరెంటు, పెట్టినప్పుడు మెడంతా నల్లగా కమిలిపోయి, ముద్ద మింగలేక ఆయన పడిన బాధ నీకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉందని తెలుసు. కోబాల్టు కిరణాల తీవ్రత చర్మానికి చాలా దగ్గరలోనే ఎక్కువగా ఉంటుంది. నాకు పెట్టే లీనియర్ యాక్సిలరేటర్ అనే ఇప్పటి యంత్రం కిరణాలు ఇంకా లోతుకు వెళ్ళి, అనేక కోణాల నుంచి గడ్డ ఆకారానికి తగ్గట్టు పడతాయి. అయినా నాకు గడ్డ ఉన్నది పెద్దపేగు చివర, మలద్వారానికి దగ్గరలో కాబట్టి, ఆ చుట్టూ చర్మం ఎర్రబడి మడతల్లో కొంచెం చిట్లింది, అది నీ దగ్గర దాచను. కాగితం వాడడం మానేసి నీళ్ళతోనే కడుక్కుని, మెత్తని గుడ్డతో రుద్దకుండా అద్దుకుంటున్నాను, గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కాసేపు కూర్చుంటే మంట తగ్గుతోంది. కొబ్బరినూనె రాయమన్నావు కానీ, నర్సు ఇచ్చిన క్రీము తప్ప అక్కడ ఏదీ రాయకూడదట, పౌడరు అసలే వద్దట.

వారానికి 5 రోజుల చొప్పున 5 వారాలు కరెంటు, ఆ రోజుల్లోనే ఉదయం, రాత్రి భోజనం అయిన అరగంటలోపు కాపెసిటబీన్ అనే క్యాన్సరు మాత్రలు. యంత్రం మీద పడుకునే ముందు నీళ్ళు తాగించి కూర్చోబెడతారు, ఎందుకంటే మూత్రాశయం నిండితే చిన్నపేగులు పైకి జరిగి కిరణాల దారి నుంచి తప్పుకుంటాయి. నొప్పి ఏమీ ఉండదు. కష్టమంతా ఇంటికి వచ్చాకే.

విరేచనాలు పట్టుకున్నాయి. అంతకంటే విసిగించేది, కడుపులో ఏమీ లేకపోయినా ఇంకా ఉందన్నట్టు ముక్కుతూ కూర్చోబెట్టే ఆ తీపరం. గడ్డా, వాచిన పేగు పొరా కలిసి అలా భ్రమపెడతాయని డాక్టరు చెప్పారు. విరేచనాలు ఆపే లోపరమైడ్ మాత్రతో అదుపులోకి వస్తోంది. రోజుకు మామూలు కంటే మరో నాలుగుసార్లు ఎక్కువ వెళ్ళినా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా అర్ధరాత్రి అయినా ఫోను చేయమని నంబరు ఇచ్చారు, అది మీ అల్లుడు ఫ్రిజ్ మీద అంటించారు. బజారుకు వెళ్ళడానికి భయపడుతుంటే నర్సు రాడార్ తాళంచెవి సంగతి చెప్పింది. దేశమంతటా వికలాంగుల కోసం తాళం వేసి ఉంచే వేల మరుగుదొడ్లు ఆ ఒక్క తాళంచెవితో తెరుచుకుంటాయి. పెద్ద తలతో బరువుగా ఉండే దాన్ని కోటు జేబులో వేసుకున్నాక బెల్‌గ్రేవ్ రోడ్డు దాకా వెళ్ళి మరమరాలు, సగ్గుబియ్యం తెచ్చుకోగలిగాను.

తిండి సంగతి నీకు నచ్చదు. ఇన్నాళ్ళూ పీచు తినాలని చెప్పినవారే ఇప్పుడు పీచు వద్దంటున్నారు. నువ్వు చెప్పిన రాగిజావ, తోటకూర, పచ్చి కూరగాయలు, కారం అన్నీ ఆపేశాను. మెత్తగా వండిన తెల్లన్నం, పెరుగు, పొట్టు లేని పెసరపప్పు కట్టు, తోలు తీసిన బంగాళాదుంప, ఉప్పు వేసిన పలచని మజ్జిగ, అరటిపండు, ఇవే. పాలు పడడం లేదు, పెరుగు పడుతోంది. గోంగూర జాడీ దయచేసి పంపవద్దు, చూస్తే ఆగలేను. ఆ స్వామివారి చూర్ణం కూడా వద్దు. మొక్కల మందులైనా, బలానికని విటమిన్లైనా అడగకుండా వేసుకోకూడదు. ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్రలు కాపెసిటబీన్ బాధలను పెంచుతాయి. నీ మీద గౌరవం లేక కాదమ్మా, నీకు మళ్ళీ ఆరోగ్యంగా కనబడాలనే ఇంత ఖచ్చితంగా చెబుతున్నాను.

నెలసరి ఆగిపోయింది. కిరణాలు అండాశయాల మీద కూడా పడతాయి కనుక ఇక రాదని ముందే చెప్పారు. ఈ చలిలో అర్ధరాత్రి ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి దుప్పటి తోసేస్తున్నాను. నీకు ఆ వయసులో ఎలా గడిచిందో ఎప్పుడూ అడగలేదు, ఈసారి మాట్లాడేటప్పుడు చెప్పు.

నీరసం రోజురోజుకూ పెరుగుతోంది, మధ్యాహ్నం పడుకోకుండా ఉండలేను. కరెంటు ఆపగానే తేలిక పడుతుందని అక్క అనుకుంటోంది. కానీ చివరి రోజు తరువాత ఒకటి రెండు వారాలు బాధలు ఇంకా ఎక్కువై, ఆపైన మెల్లగా తగ్గుతాయి. అప్పుడు నా గొంతు నీరసంగా వినిపిస్తే జబ్బు ముదిరిందని అనుకోవద్దు. ఆ తరువాత మరికొన్ని వారాలకు స్కాన్ తీసి ఆపరేషన్ సంగతి తేలుస్తారు.

నువ్వు ఇప్పుడే బయలుదేరవద్దు. ఆపరేషన్ వేళకు నువ్వు కావాలి, నాన్నగారి షుగరు అక్క చూసుకుంటుందని ఒప్పుకుంటే మీ అల్లుడు వీసా కాగితాలు పంపుతారు. వచ్చేటప్పుడు ఉతికి ఉతికి మెత్తబడిన నీ నూలు చీరలు రెండు తీసుకురా, ఇక్కడి బట్టలు ఒరుసుకుంటున్నాయి. మీకు రాత్రి 8 దాటాక, అంటే మాకు మధ్యాహ్నం రెండున్నర తరువాత, ఫోను చెయ్యి. అప్పటికి నిద్ర లేచి ఉంటాను.

నాన్నగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
నీ చిన్న కూతురు