కొండకు ఖరీఫ్ ఉండదు, కలెక్టర్ గారూ

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మాది ఆరిలోవ. మేడెక్కితే కంబాలకొండ కనిపిస్తుంది. ఆ మధ్య ఒక మార్చి రాత్రి కొండ మీద ఎర్రటి గీత ఒకటి మెల్లగా పైకి పాకింది. తెల్లారేసరికి మేడ మీద ఆరేసిన బట్టల నిండా నల్లటి నుసి. దులిపితే పోలేదు, మరకైంది. రాత్రే ఒక ఆఫీసుకు ఫోన్ చేశాను. "అది మా లిమిట్స్ కాదండీ" అని ఇంకో నంబరిచ్చారు. అది మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి రాయడం లేదు. కొండ మంటను ఆపే పని ఎవరిదో ముందే తేల్చి పెట్టమని అడగడానికి రాస్తున్నాను.

వానల్లేక ఎండిన ఏడు కొండ సులువుగా అంటుకుంటుంది. కానీ కరువు లెక్కలో కొండ లేదు. కేంద్రం 2016లో తెచ్చిన కరువు మాన్యువల్ ఖరీఫ్ కరువును అక్టోబరు 30 కల్లా ప్రకటించమంటుంది. వర్షపాతం, పంటల పరిస్థితి, నేలలో తేమ, చెరువుల్లో నీళ్లు చూసి మండలాలను తేలుస్తారు. బాగానే ఉంది. కానీ కొండకు ఖరీఫ్ ఉండదు కదా! పైగా 2022లో జిల్లాలు విడదీశాక పొలాలు ఎక్కువగా అనకాపల్లికి, ఏజెన్సీ అల్లూరి జిల్లాకు పోయాయి. మనకు మిగిలింది ఊరు, ఊరి మధ్య కొండలు. సుమారు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం ఎండిపోయినా పంట పోయిందని రాసే కాగితంలో దానికి గడి లేదు.

ఫైరింజను కొండ ఎక్కదు. ఎక్కేది మనుషులే. పచ్చి కొమ్మలు విరిచి మంట అంచును కొట్టుకుంటూ పోవడమే వాళ్ల పద్ధతి. అందుకే మంట దాటకుండా ముందే వేసే ఖాళీ పట్టీ, అంటే ఫైర్ లైనే అసలు రక్ష. గడ్డి, ఎండుటాకు నేల కనబడేదాకా చెక్కి తీయాలి. ఒకసారి చెక్కితే అయిపోదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలి ఆ లైను మళ్లీ నిండుతుంది, మళ్లీ ఊడవాలి. వానలు ముఖం చాటేసిన ఏడు గడ్డి ముందే ఎండుతుంది కాబట్టి ఈ పనీ ముందుకు జరగాలి. డబ్బులు మార్చిలో విడుదలైతే అప్పటికి చెక్కడానికి బూడిదే ఉంటుంది.

ఉపగ్రహం చూస్తుంది కదా అంటారు. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పంపే హెచ్చరికలు మంచివే. అయితే ఆ ఉపగ్రహాలు రోజుకు కొన్నిసార్లే మన మీదుగా వెళ్తాయి, వాటిలో మెరుగైన దాని బొమ్మలో కూడా ఒక్క చుక్క అంటే నేల మీద 375 మీటర్ల మేర. బీడీ ముక్కతోనో, గట్టున తగలబెట్టిన చెత్తతోనో అంటుకున్న గడ్డి మంట రెండు చూపుల మధ్యే కొండ దాటేయగలదు. దాన్ని ముందు చూసేది మేడ మీద ఉన్న మేమే.

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా అథారిటీకి అధ్యక్షులు మీరే. అటవీశాఖ, నగరపాలక సంస్థ జీవీఎంసీ, అగ్నిమాపక శాఖ మీ పిలుపుతో ఒకే బల్ల దగ్గర కూర్చుంటాయి. అక్టోబరులో కరువు లెక్క చూసే రోజునే కొండల లెక్కా చూడండి: ఏ లైను ఎప్పుడు చెక్కాలి, మళ్లీ ఎప్పుడు ఊడవాలి, కూలి ఎవరివ్వాలి. కొండవాలు కాలనీల కుర్రాళ్లను నాలుగు నెలలకు కాపలాకు పెట్టండి, దారులన్నీ వాళ్లకు తెలుసు.

అంతకంటే ముందు, అర్ధరాత్రి ఎత్తే నంబరు ఒక్కటి మా వీధి చివర కరెంటు స్తంభం మీద రాయించండి.

ఇట్లు,
ఆరిలోవ వాసి