వార్షిక నివేదిక 2025–26: మారిన టూల్స్, సభ్యుల ఫిర్యాదులు

గౌరవ సభ్యులకు నమస్కారం.

లైనక్స్ వినియోగదారుల సంఘం కార్యవర్గం తరఫున ఈ ఏడాది నివేదికను మీ ముందు ఉంచుతున్నాం. నెలవారీ సమావేశాలు, ఇన్‌స్టాలేషన్ శిబిరాలు ఎప్పటిలాగే జరిగాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సాధారణ సపోర్ట్ ముగియడంతో పాత ల్యాప్‌టాప్‌లలో దాని బదులు లైనక్స్ వేయించుకోవడానికి కొత్తవాళ్లు బాగానే వచ్చారు. కార్యవర్గం సమయం ఎక్కువగా ఖర్చయింది మాత్రం వేరే పనికి. ఉబుంటు, డెబియన్ లాంటి డిస్ట్రోలతో (లైనక్స్ రకాలతో) పాటు వచ్చే టూల్స్ ఈ ఏడాది ఒకదాని వెనక ఒకటి మారాయి. వాటి మీద వచ్చిన ఉత్తరాలు చదవడం, వడపోయడం, జవాబులు రాయడం తోనే చాలా సమావేశాలు గడిచిపోయాయి.

గోల ఒకచోట, దెబ్బ ఇంకోచోట

2025 అక్టోబర్ 9న విడుదలైన ఉబుంటు 25.10లో కమాండ్లు టైప్ చేసే గ్నోమ్ టెర్మినల్ పోయి టిక్సిస్ వచ్చింది. బొమ్మలు చూసే ఐ ఆఫ్ గ్నోమ్ స్థానంలో లూప్ వచ్చింది. మనకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ వీటి గురించే. చాలావాటి సారాంశం ‘పాతదే నయం’ అన్న ఒక్క మాట. పాత టెర్మినల్ ఉబుంటు సాఫ్ట్‌వేర్ భండారం (రిపాజిటరీ)లో ఇంకా ఉంది, కావాలంటే ఒక్క కమాండ్‌తో తెచ్చుకోవచ్చు అని అందరికీ రాశాం. చాలామంది తెచ్చుకున్నారు. కొందరు వారం తిరక్కుండానే కొత్తదానికి అలవాటు పడి, ఆ సంగతి మాత్రం మనకు చెప్పలేదు.

అసలు పెద్ద మార్పు కంటికి కనిపించేది కాదు. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్, కాపీ చేసే సీపీ, తేదీ చెప్పే డేట్ లాంటి మౌలిక కమాండ్లను దశాబ్దాలుగా సీ భాషలో రాసిన గ్నూ కోర్‌యుటిల్స్ అందించేది. 25.10లో వాటి చోట రస్ట్ భాషలో తిరగరాసిన యూయుటిల్స్ డిఫాల్ట్ అయింది. అడ్మిన్ అధికారంతో కమాండ్లు నడిపే సుడో కూడా అలాగే సుడో-ఆర్‌ఎస్ అయింది. మెమరీని తప్పుగా వాడటం వల్ల వచ్చే భద్రత లోపాలు తగ్గించడమే ఉద్దేశం, అందులో తప్పుపట్టేదేమీ లేదు. కానీ పేరు అదే, వాడే పద్ధతీ అదే కావడంతో లోపల మనిషి మారాడన్న సంగతి చాలామందికి తెలియనే లేదు.

ఒక సభ్యుడు ‘బ్యాకప్ తీయడం లేదు, ఎర్రర్ కూడా రావడం లేదు’ అని రాశారు. అంతే, రెండు ముక్కలు. ఏ వెర్షన్, ఏ కమాండ్, ఏం రావాలి, ఏం వచ్చింది అని అడిగి ఆయన స్క్రిప్ట్ (కమాండ్లు వరసగా రాసిన ఫైల్) తెప్పించుకున్నాం. చివరి బ్యాకప్ ఫైల్ ఎప్పటిదో డేట్ కమాండ్‌కు ఆర్ ఆప్షన్ (ఫైల్ చివరిగా మారిన సమయం చెప్పేది) ఇచ్చి తెలుసుకుని, పాతబడితే కొత్తది తీసే స్క్రిప్ట్ అది. టచ్ కమాండ్‌తో ఒక ఖాళీ ఫైల్‌కు పాత తేదీ వేసి, దాని మీద డేట్ నడిపి చూశాం. పాత తేదీ రావాల్సిన చోట ఆ క్షణం టైమ్ వచ్చింది! కొత్త డేట్ ఆ ఆప్షన్‌ను కిమ్మనకుండా తీసుకుని పక్కన పడేస్తోంది. దాంతో స్క్రిప్ట్ లెక్కలో బ్యాకప్ ఎప్పుడూ తాజాగానే ఉంది.

ఈ బగ్‌ను అప్పటికే ఇతరులు రిపోర్ట్ చేశారు, సవరణ కూడా విడుదలైంది. ఇక్కడో విచిత్రం ఉంది. ఉబుంటు ఆటోమేటిక్‌గా అప్‌డేట్లు చూసుకునే ఏర్పాటు కూడా అదే ఆప్షన్ మీద ఆధారపడింది. అంటే ఈ బగ్‌కు మందు తేవాల్సిన దారినే ఈ బగ్ మూసేసింది. అందుకే 25.10 వాడేవారంతా ఒకసారి చేత్తో అప్‌డేట్, అప్‌గ్రేడ్ నడపాలని సభ్యులందరికీ సందేశం పంపాం. ఎర్రర్ చూపించి ఆగిపోయే టూల్‌తో పేచీ లేదు, తప్పు జవాబును ధీమాగా చెప్పేదాంతోనే టెన్షన్.

డెబియన్ వాడేవారికి

2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో తాత్కాలిక ఫైళ్లు ఉండే టెంప్ డైరెక్టరీ డిస్క్ మీద నుంచి మెమరీ (ర్యామ్)లోకి మారింది. ర్యామ్‌లో సగం వరకు అది వాడుకోగలదు. పెద్ద వీడియో ఫైళ్లను అక్కడ పడేసే అలవాటున్నవారు, ర్యామ్ తక్కువున్నవారు ఇబ్బంది పడ్డారు. టెంప్ డాట్ మౌంట్‌ను సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో మాస్క్ చేసి (మొదలవకుండా ఆపి) రీబూట్ చేస్తే పాత పద్ధతి తిరిగొస్తుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకున్నవారి టెంప్‌లో 10 రోజులు దాటిన ఫైళ్లు వాటంతట అవే చెరిగిపోతాయి కూడా. ఇక ఎవరెప్పుడు లాగిన్ అయ్యారో చూపే లాస్ట్ కమాండ్ ఏమైందని అడిగినవారికి: పాత లాగిన్ రికార్డుల్లో 2038 తర్వాతి తేదీలకు చోటు చాలదు, అందుకే దాన్ని తీసేశారు. కావాలంటే డబ్ల్యూటీఎంపీడీబీ ప్యాకేజీ వేసుకోండి.

ఫిర్యాదు ఎలా పంపాలి

‘మనం చెబితే ఎవరు వింటారు?’ అన్న మాట సమావేశాల్లో పదేపదే వినిపించింది. వింటారు, సరిగ్గా చెబితే. 2019లో ఉబుంటు పాత తరం 32-బిట్ ప్యాకేజీలన్నీ ఆపేస్తామని ప్రకటించింది. గేమ్స్ వేదిక స్టీమ్, విండోస్ ప్రోగ్రామ్‌లను లైనక్స్‌లో నడిపే వైన్ ఏయే లైబ్రరీలు లేకపోతే నడవవో ఎత్తిచూపాక వెనక్కి తగ్గి, అవసరమైనవి ఉంచింది. 2025 జూన్‌లో ఫెడోరా అనే మరో డిస్ట్రోలోనూ అలాంటి ప్రతిపాదనే వచ్చి, అభ్యంతరాలతో కొద్ది రోజుల్లోనే ఉపసంహరణ అయింది. డెబియన్‌లో ఒక ప్రోగ్రామ్ ఎక్కడుందో చెప్పే విచ్ కమాండ్ నడిపినప్పుడల్లా ‘ఇది పాతబడింది’ అని హెచ్చరిక రావడంపై 2021లో రచ్చ జరిగితే, ఆ హెచ్చరిక ఉండకూడదని టెక్నికల్ కమిటీ తేల్చింది. కోపం ఉండటం తప్పు కాదు గానీ, డెవలపర్‌కు అక్కరకొచ్చేది ఏది ఆగిపోయిందన్న వివరమే.

అందుకే ఇకపై మన ఫిర్యాదు పత్రంలో వెర్షన్, కమాండ్, రావాల్సిన ఫలితం, వచ్చిన ఫలితం అన్న గళ్లు తప్పనిసరి చేశాం. ఇంగ్లిష్‌లో రాయలేమని వెనకాడే సభ్యులు తెలుగులోనే రాయండి. కార్యవర్గం దాన్ని బగ్ రిపోర్ట్‌గా మార్చి, అక్కడి నుంచి వచ్చే ప్రశ్నలను తిరిగి మీకు చేరవేస్తుంది. ‘పాతదే నయం’ ఉత్తరాలకు విడిగా ఒక పెట్టె ఉంటుంది. వాటినీ చదువుతాం, అయితే తీరిక దొరికినప్పుడు.

వచ్చే ఏడాది

ఉబుంటు 26.04 ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్ట్ ఉండే వెర్షన్) రాగానే ఎగబడొద్దని మనవి. దాని ముందు ఎల్‌టీఎస్ అయిన 24.04కు 2029 వరకు సపోర్ట్ ఉంది. ఎల్‌టీఎస్ నుంచి ఎల్‌టీఎస్‌కు మారమని సిస్టమ్ అడిగేది కూడా మొదటి పాయింట్ రిలీజ్ (సవరణలు కలిపిన విడుదల) తర్వాతే. ఆలోపు మీ రోజువారీ స్క్రిప్టులను మాకు పంపితే వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే నడిచే మరో కంప్యూటర్‌లో) నడిపి, తేడా వచ్చిన చోట రాసి పంపుతాం. పాస్‌వర్డులు తీసేసి పంపండి, దయచేసి. ఈ పనికి ఇద్దరు వాలంటీర్లు కావాలి. ఆసక్తి ఉన్నవారు సర్వసభ్య సమావేశంలో పేరు ఇవ్వండి. జమాఖర్చుల పత్రాన్ని కోశాధికారి అదే సమావేశంలో విడిగా సమర్పిస్తారు.

కార్యదర్శి
కార్యవర్గం తరఫున