ఫిబ్రవరిలో మారా నది చూపించిన మీ టాంజానియా సఫారీపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఈ ఫిబ్రవరిలో మా అమ్మానాన్నలను తీసుకుని మీ 8 రోజుల టాంజానియా సఫారీకి వెళ్లొచ్చాను. అడవి అన్నాక జంతువులు కనబడొచ్చు, కనబడకపోవచ్చు. ఆ మాత్రం మాకూ తెలుసు. కానీ అవి ఉండని నెలలో, ఉండని చోటికి తీసుకెళ్లారు కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

వైల్డ్‌బీస్ట్ (గుంపులుగా వలసపోయే జింక జాతి జంతువులు) మందలు మారా నది దాటడం చూడొచ్చని మీ బ్రోషర్ మొదటి పేజీలోనే ఉంది. అందుకోసం ట్రిప్పులో నాలుగో, ఐదో రోజులు సెరెంగెటి నేషనల్ పార్కు ఉత్తర భాగంలోని కొగాటెండెలో పెట్టారు. మందలు అక్కడ ఉండేది సుమారుగా జూలై నుంచి అక్టోబర్ దాకా. ఫిబ్రవరిలో అవి దక్షిణాన ఎన్‌డూటు మైదానాల్లో ఉంటాయి. అది ఈనే కాలం. అక్కడి పొట్టి గడ్డిలో మంచి పోషకాలుంటాయని తల్లులన్నీ అక్కడికే చేరతాయి. దూడల కోసం సింహాలు, చీతాలు కూడా ఆ చుట్టుపక్కలే తిరుగుతాయి. ఇదంతా మా డ్రైవర్ మొదటి రోజే చెప్పాడు. వెంటనే మీ ఆఫీసుకి ఫోన్ చేసి ఆ రెండు రోజులూ ఎన్‌డూటుకి మార్చమని అడిగాను. ప్రోగ్రాం ప్రకారమే వెళ్లాలన్నారు.

నాన్నగారికి 71 ఏళ్లు. ఈ ట్రిప్పు ఆయన ఎన్నో ఏళ్ల కోరిక. నది ఒడ్డున జీపులో బైనాక్యులర్ పట్టుకుని రెండు పూటలు కదలకుండా కూర్చున్నారు. నీళ్లలో నీటిగుర్రాల వీపులు, ఇసుక మీద ఒక మొసలి కనిపించాయి. ఎదుటి గట్టు నిండా గిట్టల రాపిడికి పడిన లోతైన చాళ్లున్నాయి. అవి పోయిన ఏడాది మందలు దిగిన దారులని డ్రైవర్ చెబితే, నాన్న ఆ ఖాళీ చాళ్లనే ఫోటో తీసుకున్నారు. నాకు అక్కడ మాట రాలేదు.

తరంగిరే నది పారే తరంగిరే పార్కు సంగతీ అంతే. మిగతా చోట్ల నీళ్లు ఎండిపోయిన నెలల్లో ఏనుగులు ఆ నది దగ్గరికి గుంపులుగా వస్తాయి. మేం వెళ్లినప్పుడు ఎటు చూసినా పచ్చగడ్డే, ఏనుగులు చెల్లాచెదురుగా ఉన్నాయి. పైగా మీరు అందరికీ ముదురు నీలం టీషర్టులిచ్చి వేసుకోమన్నారు. రక్తం పీల్చే సెట్సీ ఈగలు నీలం, నలుపు బట్టల మీదకే వస్తాయి. అమ్మ చేతులు రెండూ దద్దుర్లెక్కి వాచిపోయాయి.

ఎన్‌గొరొంగొరో బిలం (పాత అగ్నిపర్వతం కూలి ఏర్పడిన పెద్ద గొయ్యి) మాత్రం చాలా బాగుంది. సింహాలు, అడవిదున్నలు దగ్గర్నుంచి చూశాం, దూరంగా ఒక నల్ల ఖడ్గమృగం కూడా కనబడింది. అయితే ఆ పేజీలో మీరు జిరాఫీ ఫోటో వేశారు. ఆ బిలం అడుగున జిరాఫీలు ఉండవు. అమ్మ మధ్యాహ్నం దాకా వాటి కోసమే వెతికింది.

కొగాటెండెలో రెండు రాత్రుల బస, పార్కు ఫీజు, అక్కడికి రానూపోనూ అయిన ఖర్చు మాకు వాపసు ఇవ్వండి. ఏ నెలలో మందలు ఎక్కడుంటాయో బ్రోషర్‌లో స్పష్టంగా వేయండి. టీషర్టుల రంగు మార్చండి. మా డ్రైవర్ తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు, దయచేసి అతణ్ణి ఏమీ అనకండి.

15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. బ్రోషర్, రసీదులు, నాన్న తీసిన ఫోటోలు జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ కస్టమర్,
హైదరాబాద్